మాగాయ జాడీ మీది రాయి

ఇశ్రాయేలు పొద్దున్న ఆరింటికల్లా ఒలుపు మొదలుపెట్టేవాడు. వాకిట్లో నేలలో పాతిన ఇనుప మొన మీదకి కొబ్బరికాయను దించి, నడుం వంచి తిప్పితే పీచు మూడు ముక్కలై ఊడేది. అరవై రెండేళ్ళు వచ్చినా రోజుకు నాలుగు వందల కాయలు ఒలిచేవాడు. సత్తిరాజు గారి తోట కాయలు బండి మీద ఇంటికే వచ్చేవి. ఆ చప్పుడుకే ఇంట్లోవాళ్ళు నిద్ర లేచేవారు.

అది 1984 మే నెల. పెద్దకొడుకు యేసురత్నం సెలవు మీద వచ్చి మూడు రోజులైంది. బీహారులో యురేనియం గనిలో అతనికి పదకొండేళ్ళుగా పని. మొదటి సెలవు తప్ప ఎప్పుడూ క్రిస్మసుకే వచ్చేవాడు, ఈసారి ఎండాకాలంలో దొరికింది సెలవు. భార్య లీలావతి, ఆరేళ్ళ కూతురు సుందరి కొత్తపేట దగ్గర ఈ పేటలోనే, మావగారి పంచనే ఉంటున్నారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళైనా వాళ్ళను అతను ఒక్కసారి కూడా గని ఊరికి తీసుకెళ్ళలేదు.

ఈ మూడు రోజులూ ఇశ్రాయేలు కొడుకుతో మాట్లాడలేదు. కారణం ఒక స్టీలు గ్లాసు.

ఆ ఇంట్లో మంచినీళ్ళకు ఒకటే ఇత్తడి చెంబు ఉంది. ఇశ్రాయేలు చిన్నతనంలో సత్తిరాజు గారి తండ్రి పశువుల పాక దగ్గర నీళ్ళు తాగాలంటే దోసిలి పట్టాలి. పైనుంచి జానెడు ఎత్తున పోసేవారు. పెళ్ళైన ఏడాది ఇశ్రాయేలు తన చేతులతో ఈ ఇల్లు కట్టుకుని, అమలాపురం సంతలో చెంబు కొని తెచ్చి భార్య మార్తమ్మ చేతిలో పెట్టాడు. "ఈ ఇంట్లో ఎవరు తాగినా ఎత్తి పోసుకోకూడదు. పెదవి ఆనించే తాగాలి" అన్నాడు. పాస్టరుగారైనా అంతే. ఒకసారి ఒక మేస్టారు చెంబు వంక చూసి కొంచెం తటపటాయించేసరికి ఇశ్రాయేలు చెంబు లోపల పెట్టేశాడు. మళ్ళీ ఆయన్ని కూర్చోమనలేదు.

ఇప్పుడు కన్నకొడుకు తన గ్లాసు తను తెచ్చుకున్నాడు. తనే తోముకుని, అరుగు చివర పెట్టిన తన పెట్టె మీద బోర్లించుకుంటున్నాడు. బట్టలు తనే ఉతుక్కుని, పెరట్లో వేరే తాడు కట్టుకుని ఆరేసుకుంటున్నాడు. వచ్చిన రోజు సుందరి "నాన్నా" అంటూ పరిగెత్తుకొస్తే చేతులు పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఆగమ్మా, స్నానం చేసొస్తాను" అని కాలవకు పోయాడు. పిల్ల అక్కడే నిలబడిపోయింది.

ఆ వెనకడుగు ఇశ్రాయేలు ఎరుగును. చిన్నప్పుడు చాలామంది దగ్గర చూశాడు.

ఆ పొద్దున్న రెండోవాడు అబ్రహాము ఒక కవరు పట్టుకుని అన్నగారి దగ్గర కూర్చున్నాడు. ఐటీఐ ప్యాసై రెండేళ్ళైనా పని లేదు. ఆ గని నుంచే ఇంటర్వ్యూకి రమ్మని కాగితం వచ్చింది.

"ఇరవై ఎనిమిదో తారీకు అన్నయ్యా. నీతోనే వచ్చేస్తాను. నువ్వు ఫోర్‌మన్‌కి ఒక్క మాట చెబితే ఖాయం అంటున్నారు."

"వద్దురా" అన్నాడు యేసురత్నం.

"ఎందుకని?"

"వద్దంటున్నానుగా."

"నువ్వు చేసే పనేగా. నాకు చేతకాదా?"

"చేతకాదనలేదు. వేరే పని చూసుకో. రాజమండ్రిలో చూసుకో, కాకినాడలో చూసుకో."

"రెండేళ్ళ నుంచీ చూస్తున్నది అదేగా! నాకు దొరికింది ఇదొక్కటే. అదీ నువ్వుండగా నాకు అడ్డు!"

యేసురత్నం దగ్గాడు. దగ్గు తగ్గేదాకా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇశ్రాయేలు మొన మీదకి ఒక కాయ దించాడు. మూడు రోజుల తరవాత నోరు విప్పాడు కాని కొడుకు వైపు చూడలేదు.

"తను తింటున్న పళ్ళెంలో తమ్ముడు చెయ్యి పెడితే నామోషీ కాబోలు."

వంటింట్లోంచి లీలావతి వింది. మామిడికాయ ముక్కల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది.

"మావయ్యగారూ, ఆ మాట ఆయన మొహం చూసి అడగండి. కాయకేం తెలుస్తాది?"

"కాయ నయమమ్మా. ఒలిస్తే లోపలేముందో చూపిస్తాది."

"ఆయ్, బాగా చెప్పేరు. ఎనిమిదేళ్ళ నుంచీ నేనూ ఒలుస్తానే ఉన్నాను" అంది లీలావతి. నవ్వుతూ అనబోయింది కాని నవ్వు రాలేదు. మొగుడి వైపు తిరిగింది. "నన్ను రానివ్వరు. తమ్ముణ్ణి రానివ్వరు. అక్కడ మాకు తెలీకుండా ఎవరున్నారండీ? పేటలో ఆడాళ్ళందరూ నన్నడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"ఎవరూ లేరు లీలా."

"అయితే ఆ పెట్టెకి తాళం ఎందుకు? మీ బట్టలు నేనుతికితే అరిగిపోతాయా?"

"ముట్టుకోవద్దన్నాను" అన్నాడు యేసురత్నం. గొంతు కాస్త పైకి లేచింది. వెంటనే లేచి, తువ్వాలు భుజాన వేసుకుని కాలవకు వెళ్ళిపోయాడు.

లీలావతి కళ్ళొత్తుకుని పనిలో పడింది. ఎవరు ఏడ్చినా ఆ రోజు మాగాయ పెట్టక తప్పదు. ముక్కలు తరిగి ఉన్నాయి. ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసింది. ముక్కలు ఊటలో మునగాలంటే పైన బరువు పెట్టాలి. అటక ఎక్కి, మార్తమ్మ నాటి చిన్న జాడీ మీద ఉన్న రాయిని దించింది.

ఆ నేలలో రాయి పుట్టదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రు, దాని కింద ఇసుక. రుబ్బురోలు మొదలు గుమ్మం ముందు బండ దాకా అన్నీ గోదావరి అవతలి నుంచి రావలసినవే. అందుకని అక్కడ రాయిని ఎవరూ పారేయరు. గుండ్రాయి ఒకటి దొరికితే మూడు తరాలు వాడుకుంటారు.

ఈ రాయి యేసురత్నం తెచ్చిందే. పనిలో చేరిన మరుసటి ఏడు, 1974లో, మొదటి సెలవుకు తెచ్చాడు. రెండు పిడికిళ్ళంత ఉంటుంది. లోపల నలుపు, పైన పసుపు అద్దినట్టు పచ్చటి పొర. గాలీ నీరూ తగిలిన చోట అలా పచ్చబడుతుందని చెప్పాడు. ఆ నెలలోనే దేశం అణుపరీక్ష చేసిందని పేపర్లలో పడింది. ఇంకేముంది, రాయిని మిషన్ బడిలో బల్ల మీద పెట్టారు. పిల్లలందరూ వరసగా వచ్చి ముట్టుకున్నారు. పాస్టరుగారు దాన్ని చేత్తో ఎత్తి చూపించి, మన పేట బిడ్డ దేశానికి బలం తవ్వుతున్నాడన్నారు. ఇశ్రాయేలు ఆ రోజు తెల్లచొక్కా వేసుకున్నాడు. వారం తరవాత మార్తమ్మ "చూసింది చాలు, మాగాయ మీదకి సరిగ్గా సరిపోతాది" అని రాయిని వంటింట్లోకి తీసుకుపోయింది. రెండేళ్ళ క్రితం ఆమె గుండెపోటుతో పోయేదాకా ఏటా ఆ రాయే మాగాయకు బరువు.

యేసురత్నం కాలవ నుంచి తడిబట్టలతో వచ్చేసరికి లీలావతి కొత్త జాడీలో పళ్ళెం బోర్లించి, దాని మీద రాయి సర్దుతోంది. సుందరి పక్కన కూర్చుని, వేలికంటిన పచ్చటి పొడి నేల మీద రాస్తోంది.

యేసురత్నం ఒక్క అంగలో లోపలికొచ్చి కూతురి మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి నోట్లో పెట్టేవా? చెప్పు! పెట్టేవా?"

పిల్ల బెదిరిపోయింది. "లేదు నాన్నా" అని ఏడుపు అందుకుంది.

"లీలా, చెయ్యి తీయ్! దాన్నొదులు. ఇద్దరూ వెళ్ళి చేతులు కడుక్కోండి. సబ్బుతో. మూడుసార్లు."

"ఏంటండీ, ఏమైంది? రాయేగా!"

"ఇది ఎప్పట్నుంచి ఉందిక్కడ? అమ్మ పారేసేనంది నాతో. అయిదేళ్ళ కిందట అడిగితే కాలవలో పారేసేనని చెప్పింది!"

"రాయిని ఎవరైనా పారేస్తారా?" అంది లీలావతి తెల్లబోయి. "అత్తయ్యగారు పోయాక రెండేళ్ళుగా ఆవిడ జాడీ మీదే ఉంది. అటక మీద."

యేసురత్నం తువ్వాలు మూతికి చుట్టుకున్నాడు. అటక ఎక్కి మార్తమ్మ జాడీ దించాడు. మూత పళ్ళెం మీదా, దాని కింద జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ మీదా సన్నటి పచ్చపొడి. ఆ జాడీని చంటిపిల్లను పట్టుకున్నట్టు కాకుండా, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

ఇశ్రాయేలు చేతిలో కాయ కింద పడింది.

ఆ జాడీలో మార్తమ్మ పెట్టిన ఆఖరి మాగాయ ఉంది. ఆదివారం గుడి నుంచి వచ్చాక వేడన్నంలో ఒక్క టెంక వేసుకునేవాడు. వేరే ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఇంకా నాలుగు టెంకలున్నాయి.

"ఆగరా" అన్నాడు. కొడుక్కి అడ్డం వెళ్ళి నిలబడ్డాడు. "ఎక్కడికి పట్టుకెళ్తున్నావు?"

"నాన్నా, జరుగు. ఇది ఇంట్లో ఉండకూడదు."

"నీ గ్లాసు వేరు. ఊరుకున్నాను. నీ తాడు వేరు, నీ పెట్టె వేరు. ఊరుకున్నాను. కూతురొస్తే వెనకడుగేసేవు. చూసి కూడా ఊరుకున్నాను." ఇశ్రాయేలు గొంతు పెద్దది కాలేదు. పెద్దదైతే బాగుండుననిపించింది అబ్రహాముకు. "ఇప్పుడు మీ అమ్మ చేతి పచ్చడి కూడా మైలపడిపోయిందా? మూతికి గుడ్డ కట్టుకుని పట్టుకెళ్తున్నావు?"

"నాన్నా, అది కాదు..."

"సత్తిరాజు గారి నాన్న నాకు జానెడు ఎత్తు నుంచి నీళ్ళు పోసేడు. పోస్తే తాగేను. ఆయన పరాయివాడు. నిన్ను నేను కన్నాను. క్వార్టర్సులో నలుగురు పెద్దోళ్ళ పక్కన కూర్చునేసరికి, నా ఇంట్లో, నా చెంబు నీకు పనికిరాకుండా పోయింది. నీ తమ్ముడు నీ పక్కన నిలబడితే నీ పరువు పోతాదనేగా వాణ్ణి రావద్దంటున్నావు?"

యేసురత్నం కదలలేదు. జాడీ చేతుల్లోనే ఉంది. తండ్రి మొహం వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ మాటలు అతనికి ఒక పట్టాన ఎక్కలేదు. ఎక్కాక జాడీని మెల్లగా కింద పెట్టి, తనూ నేల మీద కూర్చుండిపోయాడు.

"అలా అనుకున్నావా నాన్నా?" అన్నాడు. "మూడు రోజుల్నుంచీ అదే అనుకుంటున్నావా?"

"ఇంకేం అనుకోమంటావు?"

"మైల మీది కాదు నాన్నా. నాది."

యేసురత్నం మూతికి కట్టిన తువ్వాలు విప్పి, చేతుల్లో నలుపుతూ చెప్పాడు.

"ఆ రాయిలోంచి కంటికి కనపడనిది ఏదో వస్తానే ఉంటాది. రాయి దూరంగా ఉంటే అంత భయం లేదంటారు. దాని పొడి లోపలికి పోకూడదు. గనిలో మేం రోజంతా ఆ పొడిలోనే ఉంటాం. బట్టలకి పడతాది, జుట్టుకి పడతాది. చేరినప్పుడు నాకు ఇదేం తెలీదు. రాయవరం సింహాద్రి అని నాతోపాటే చేరేడు. అతని బట్టలు భార్య ఉతికేది. ఆవిడకి రెండుసార్లు కడుపు పోయింది. దానివల్లేనా అని అడిగితే ఒకాయన అవునంటాడు, ఇంకొకాయన కాదంటాడు. నాకూ తెలీదు. తెలీక లీలని తీసుకెళ్ళలేదు. తెలీక పిల్లని ఎత్తుకోలేదు. బట్టలు ఎంత ఉతికినా పోయిందో లేదో ఎలా తెలుస్తాది?"

"ఆ దగ్గు?" అన్నాడు అబ్రహాము.

"ఏడాది నుంచి ఉంది. ఏం లేదన్నారు. ఏం లేదేమో. ఉంటే నా నుంచి మీకు అంటుకుంటాదేమోనని గ్లాసు తెచ్చుకున్నాను."

లీలావతి స్తంభం పట్టుకుని నిలబడింది. "నేనేమనుకున్నానో మీకు తెలుసా?" అంది.

"తెలుసు. అనుకోనిచ్చేను."

"ఎందుకండీ? ఒక్క ముక్క చెబితే ఏం పోయేది?"

"చెబితే నన్ను వెళ్ళనిచ్చేదానివా? నేను వెళ్ళకపోతే వీడి చదువేమయ్యేది?" తమ్ముడి వైపు చూశాడు. "వీణ్ణి అందులోకి దింపడానికా నేను దిగింది?"

అబ్రహాము తల దించుకున్నాడు. చేతిలో కవరు చెమటకు తడిసింది.

"రాయిని తెచ్చింది నేనే నాన్నా" అన్నాడు యేసురత్నం. "గొప్ప కోసం తెచ్చేను. బడిలో పిల్లలందరి చేతా ముట్టించేను. నువ్వు తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నావు. అది చూసి ఇంకా గొప్పగా చెప్పేను."

ఇశ్రాయేలు అడగవలసిన మాట ఒకటి ఉంది.

"మీ అమ్మ..."

"కాదు నాన్నా. అమ్మది గుండె. డాక్టరుగారు రాసిచ్చేరు. మనందరం చూసేం." జాడీ వంక చూస్తూ అన్నాడు. "ఇందాక ఆ రాయి చూసినప్పట్నుంచి నాకు నేను అదే చెప్పుకుంటున్నాను."

"దాంట్లోంచి నేను తింటున్నాను" అన్నాడు ఇశ్రాయేలు. "ఆదివారం ఒక టెంక."

యేసురత్నం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ముప్పై మూడేళ్ళవాడు, గోతిలో రాయి పగలగొట్టేవాడు, పెరట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. దానితో దగ్గు కూడా వచ్చింది.

ఇశ్రాయేలు ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరుగడు. మార్తమ్మకు కూడా చెప్పలేదు. ఆమె బతికుండగా ఒకటి రెండుసార్లు చెప్పాలనిపించింది, రేపు చెబుదామనుకున్నాడు. ఆమె వంటింట్లోనే కూలిపోయింది. ఆ రోజు నుంచి అతను ఎవరి తప్పూ మరిచిపోలేదు, తనది అసలే మరిచిపోలేదు. ఇప్పుడు కొడుకు ముందు నిలబడితే మూడు రోజులుగా మనసులో అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

అరుగు చివరికి నడిచాడు. పెట్టె మీద బోర్లించిన స్టీలు గ్లాసు తీశాడు. కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి కొడుక్కిచ్చాడు.

"తాగు. దగ్గు తగ్గుతాది."

యేసురత్నం సగం తాగాడు. తండ్రి చెయ్యి చాపాడు. గ్లాసు లోపల పెట్టడానికనుకుని ఇచ్చాడు యేసురత్నం. ఇశ్రాయేలు దాన్ని అలాగే నోటికి ఆనించి మిగతా సగం తాగేశాడు.

"నాన్నా! వద్దన్నాను కదా..."

"ఈ ఇంట్లో ఎత్తి పోసుకోం" అన్నాడు ఇశ్రాయేలు. "నీకు తెలీదా?"

లీలావతి పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాకా ఆ రాయిని ఏం చెయ్యాలా అని తర్జనభర్జన పడ్డారు. అబ్రహాము కాలవలో పడేద్దామన్నాడు. ఊరంతా ఆ నీళ్ళే తాగుతారన్నాడు అన్న. తోటలో పాతిపెడదామంటే వేళ్ళు తాగుతాయి. రాయి లేని నేలలో దాన్ని పెట్టడానికి చోటు దొరకలేదు. చివరికి రేకు డబ్బాలో పెట్టి మూత బిగించారు. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే తీసుకుపోతానన్నాడు యేసురత్నం. లీలావతి కలిపిన కొత్త ముక్కలూ, మార్తమ్మ జాడీ కూడా ఆ డబ్బాతోపాటే గోనెసంచిలో కట్టారు. వాసెన గుడ్డ ముడి ఇశ్రాయేలే కట్టాడు. అది మార్తమ్మ వేసే ముడి. రెండేళ్ళలో ఆదివారానికోసారి విప్పి కట్టి నేర్చుకున్నాడు.

అబ్రహాము పొయ్యి దగ్గర కూర్చుని ఇంటర్వ్యూ కాగితాన్ని మంటలో పెట్టాడు. వదిన చూసింది. "కాకినాడ బస్సు రేపు ఎన్నింటికి మరిదిగారూ?" అనడిగింది.

ఇరవై ఐదున యేసురత్నం ఒక్కడే బయల్దేరాడు. రావులపాలెం దాకా బస్సు, రాజమండ్రిలో రైలు. పెట్టె ఒక చేత్తో, గోనెసంచి ఒక చేత్తో పట్టుకున్నాడు. తండ్రి వీధి మలుపు దాకా వచ్చాడు. ఆ మనిషి ఎవర్నీ సాగనంపడానికి అంత దూరం రాడు.

"పని మానేస్తానని కాయితం ఇచ్చెయ్. ఇచ్చేసి వచ్చెయ్."

"వచ్చి ఏం చెయ్యను నాన్నా?"

"అది నేను చూసుకుంటాను. నువ్వు రా."

తిరిగొచ్చి ఇశ్రాయేలు వాకిట్లో తన మొనకు మూడు మూరల దూరంలో గొయ్యి తవ్వాడు. రెండో మొన పాతాడు. చుట్టూ మట్టి కూరి దిమ్మిస కొట్టాడు. జూన్‌లో వాన పట్టుకుంది. కొత్త ఇనుము తుప్పు పట్టకుండా రోజూ పొద్దున్నే దానికి కొబ్బరినూనె రాసి, తరవాత తన పని మొదలుపెట్టేవాడు.

జూలై మొదటి వారంలో యేసురత్నం వచ్చాడు. చేతిలో ఒక సంచి మాత్రమే ఉంది. గని బట్టలన్నీ అక్కడే తగలబెట్టి, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. సుందరి గుమ్మంలోంచి చూసి లేచింది కాని పరిగెత్తలేదు. పిల్లకు ఆ వెనకడుగు గుర్తుంది. యేసురత్నం సంచి కింద పెట్టి, తనే రెండడుగులు ముందుకు వేసి కూర్చుని చేతులు చాపాడు.

మర్నాడు పొద్దున్న లీలావతికి రెండు చప్పుళ్ళకు మెలకువ వచ్చింది. ఒకటి ఎప్పటిలాగా నిలకడగా ఉంది. రెండోది తడబడుతోంది.

"చేత్తో కాదురా, నడుంతో తిప్పు" అంటున్నాడు ఇశ్రాయేలు. "దగ్గొస్తే ఆగు. ఎవరూ తరమట్లేదు."

కాసేపటికి రెండో చప్పుడు ఆగింది. లీలావతి ఇత్తడి చెంబు నిండా నీళ్ళు ముంచి వాకిట్లోకి తీసుకెళ్ళింది. యేసురత్నం చెంబు అందుకుని తండ్రి వంక చూశాడు. ఇశ్రాయేలు చూడనట్టు ఒక కాయను మొన మీదకి దించాడు.

యేసురత్నం పెదవి ఆనించి తాగాడు.